మంత్రి తన స్నేహితుణ్ణి ఎందుకు ముంచాడు? జానపద నాటకం రాసేవాళ్ల కోసం

జానపద నాటకం రాసి "మాస్టారూ, ఒకసారి చూసి చెప్పండి" అంటూ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపే కుర్రాళ్లు మా విశాఖలో బాగానే ఉన్నారు. గాజువాక నుంచి ఒకరు, మధురవాడ నుంచి ఒకరు, యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఇంకొకరు. ఎగిరే గుర్రాలు, సముద్రం అడుగున నగరాలు, మాట్లాడే ఖడ్గాలు, అన్నీ కొత్తగానే ఉంటాయి. మంత్రి మాత్రం పాతవాడే. సన్న మీసం, పక్కచూపు, మొదటి రంగంలోనే ఒక వెకిలి నవ్వు. నాటకం సగానికి వచ్చేసరికి ప్రాణస్నేహితుణ్ణి రాజుకి పట్టిస్తాడు. ఎందుకయ్యా అని అడిగితే "సింహాసనం మీద ఆశ మాస్టారూ" అంటారు.

సింహాసనం మీద ఆశ ఉన్నవాడు రాజుని ముంచాలి గానీ, స్నేహితుణ్ణి ముంచడం దేనికి? స్నేహితుడు ఇంకా పనికొస్తాడు కదా. ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం స్క్రిప్టులు అక్కడే ఆగిపోతాయి. ఆగడమే మంచిది. ఆగిన చోటు నుంచి ఎలా ముందుకు వెళ్లాలో నాకు తెలిసినంత చెబుతాను. నా ఉద్యోగమంతా ఈ ఊళ్లోనే ఒక పెద్ద ఆఫీసులో ఫైళ్ల మధ్య గడిచింది, సాయంత్రాలన్నీ రిహార్సల్స్‌లో గడిచాయి. మంత్రుల గురించి నాకు ఎక్కువ నేర్పింది ఆఫీసే.

మంత్రి దేని మీద బతుకుతాడు

సేనాపతికి సైన్యం ఉంది. సామంతుడికి కోట ఉంది. కోశాధికారి నడుముకి తాళాల గుత్తి ఉంది. మంత్రికి ఏముంది? రాజు దగ్గర మాట చెల్లుబాటు, అంతే. వేరే ఆస్తి లేదు. దాన్ని కొలవలేం, దాచుకోలేం, కొడుక్కి రాసి ఇవ్వలేం. పోయినప్పుడు పోయిందని దండోరా కూడా వేయరు. ఒకరోజు సభలో రాజు ఇంకొకరి వైపు తిరిగి "మీరేమంటారు?" అని అడుగుతాడు. ఆ రాత్రి మంత్రికి నిద్ర పట్టదు.

కాబట్టి "మంత్రికి ఏం కావాలి" అని కాకుండా, "స్నేహితుడి వల్ల మంత్రి మాట ఏ రోజు, ఎవరి ముందు చెల్లకుండా పోయే పరిస్థితి వచ్చింది" అని వెతకండి. జవాబు దొరికితే కారణం దొరికినట్టే. దొరక్కపోతే ద్రోహం రంగం రాయడం ఆపి, వెనక్కి వెళ్లి వాళ్ల స్నేహం ఇంకా రాయాలి.

నేను చూసిందొకటి చెబుతాను, పేర్లు అక్కర్లేదు. ఒక పెద్దసారుకి ఒక పీయే ఉండేవాడు. అతనితోపాటు ఉద్యోగంలో చేరిన స్నేహితుడి ప్రమోషన్ ఫైలు సోమవారం వచ్చింది. సారు గురువారం ఢిల్లీ టూరుకి వెళ్తారు, శుక్రవారంతో గడువు అయిపోతుంది. పీయే ఆ ఫైలుని చించలేదు, దాచలేదు, ఒక్క అక్షరం వ్యతిరేకంగా రాయలేదు. రోజూ పొద్దున్న సారు ముందు సంతకానికి పుటప్ చేసే కట్టలో అడుగున పెట్టాడు. సారు పైన ఉన్న నాలుగైదు చూసి, వాచీ చూసుకుని లేచిపోయేవారు. గురువారం విమానం ఎక్కేశారు. ఫైలు కట్టలోనే ఉంది, ఎవరు అడిగినా చూపించవచ్చు.

ఎందుకు చేశాడు? డబ్బు లేదు, పగ లేదు. అంతకు ముందు వారం ఆ స్నేహితుడు సారు గదిలోకి వచ్చి, చనువుకొద్దీ పీయేని "ఒరే" అని పిలిచి, క్యాంటీన్లో ఇద్దరూ అప్పు పెట్టి టీ తాగిన రోజుల గురించి ఏదో చెప్పాడు. సారు నవ్వారు. ఆ నవ్వు ఖరీదు ఒక ప్రమోషన్. పీయే తరువాత ఆ స్నేహితుడి కూతురి పెళ్లికి దగ్గరుండి వడ్డన చేయించాడు, మనస్ఫూర్తిగానే. మీ మంత్రికి కావలసింది ఇంత చిన్న కారణం, ఇంత పెద్ద నష్టం. చిన్న కారణానికి అతను ఎందుకంత భయపడ్డాడో ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చేయడమే రచయిత పని.

అందుకే రంగం రాసే ముందు మంత్రిగారి ఒక పూట రాసుకోండి. నాటకంలో అది ఉండదు, మీ నోట్‌బుక్‌లో ఉంటుంది. పొద్దున్న ఆయన వాకిట్లో ఎవరెవరు కాచుకుని ఉన్నారు, ఎవరి అర్జీ రాజు దాకా తీసుకెళ్తాడు, ఏది తన దగ్గరే ఆపేస్తాడు, రాజు మూడ్ బాగాలేదని ఏ గుర్తుని బట్టి పసిగడతాడు. ఒక్క పేజీ చాలు.

దమనకుడి లెక్క

మనం బళ్లో చదువుకున్నదే. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది, అందులో మిత్రభేదం ఉంది. అసలు కథ పంచతంత్రంలోది. పింగళకుడనే సింహం, సంజీవకుడనే ఎద్దు, దమనకుడు కరటకుడు అనే నక్కలు. చిన్నప్పుడు "నక్క జిత్తులమారి" అని ముగించేశాం. ఇప్పుడు నాటక రచయితగా మళ్లీ చదవండి.

దమనకుడు పదవి పోయిన మంత్రి కొడుకు. ఎద్దు రంకె విని సింహం జడుసుకుందని ముందుగా పసిగట్టింది వాడే. ఎద్దుని తీసుకొచ్చి రాజుకి పరిచయం చేసిందీ వాడే. అలా మళ్లీ కొలువులో చోటు సంపాదించాడు. తీరా రాజుకి ఎద్దుతో ఎంత స్నేహం కుదిరిందంటే, వేట మానేసి పొద్దస్తమానం కబుర్లే. పరివారానికి తిండి లేదు, దమనకుడి మాట అడిగేవాడు లేడు. తాను కలిపిన స్నేహం తన కొలువునే మింగేసింది. అప్పుడు విడగొట్టడానికి పూనుకున్నాడు. చూశారా, సింహాసనం ఊసు ఎక్కడా లేదు.

ఎలా విడగొట్టాడో అది ఇంకా గొప్ప. ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్లాడు. "ఎద్దు కొమ్ములు ఆడిస్తూ వస్తే నీమీదికి వస్తున్నట్టే" అని సింహానికి చెప్పాడు. "సింహం తోక ఎత్తి, చెవులు నిక్కించి కూర్చుంటే నిన్ను చంపడానికే" అని ఎద్దుకి చెప్పాడు. భయపడ్డ ఎద్దు జాగ్రత్తగా కొమ్ములు సవరించుకుంది. భయపడ్డ సింహం జాగ్రత్తగా చెవులు నిక్కించింది. ఒకరి భయం ఇంకొకరికి సాక్ష్యమైపోయింది. స్టేజీ మీద ఇది అద్భుతంగా పండుతుంది, మాయలూ ట్రిక్కులూ ఏవీ అక్కర్లేదు. కథ చివర దమనకుడికి శిక్ష పడదు, మంత్రి పదవి దక్కుతుంది. మన కుర్రాళ్లు మాత్రం ఆఖరి రంగంలో మంత్రి మీద పిడుగు పడేస్తారు. పిడుగు ఖర్చు కూడా మిగులుతుంది, మానేయండి.

కౌటిల్యుడి నాలుగు పరీక్షలు

కారణం తోచక తల పట్టుకున్నప్పుడు నేను అర్థశాస్త్రం మొదటి అధికరణం తీస్తాను. అమాత్యుల నిజాయతీని రాజు రహస్యంగా పరీక్షించే పద్ధతులు అందులో నాలుగున్నాయి: ధర్మం పేరు చెప్పి ఒకటి, డబ్బు ఆశ చూపి ఒకటి, కామం మీద ఒకటి, భయం పెట్టి ఒకటి. ధర్మ పరీక్షలో నెగ్గినవాడికి న్యాయస్థానం పని, అర్థ పరీక్షలో నెగ్గినవాడికి పన్నుల వసూలు, ఖజానా పని, ఇలా ఉద్యోగాలు పంచుతారు. నాలుగూ నెగ్గితేనే మంత్రి. నాలుగూ తప్పినవాణ్ణి గనులకో, అడవులకో, ఏనుగుల వనాలకో పంపమన్నాడు. ఉద్యోగం తీసేయమనలేదు, గమనించండి. ట్రాన్స్‌ఫర్ అప్పుడూ ఉంది.

దీన్ని నాటకానికి ఎలా వాడుకోవాలి? మీ మంత్రి ఏ పరీక్షలో బలంగా నెగ్గుతాడో ముందు తేల్చుకోండి. తరువాత ఆ బలంతోనే పడగొట్టండి. డబ్బుకి లొంగనివాణ్ణి డబ్బుతో పడగొట్టకండి, ఎవరూ నమ్మరు. ధర్మానికి కట్టుబడ్డవాడు ధర్మం కోసమే స్నేహితుణ్ణి ముంచితే నమ్ముతారు, పైగా బాధపడతారు. విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసంలో భాగురాయణుడు అలాంటివాడే. చాణక్యుడి మనిషి, శత్రువైన మలయకేతువు శిబిరంలో మిత్రుడిగా చేరతాడు. శిబిరం దాటి వెళ్లేవాళ్లకు ముద్ర వేసి ఇచ్చేది అతనే. మలయకేతువు తనని మనసారా నమ్ముతున్నాడని అతనికి తెలుసు. ఇంత ప్రేమగా ఉన్నవాణ్ణి మోసం చేయాల్సి వచ్చిందే అని తనలో తాను బాధపడతాడు, ఆ బాధతోనే పని పూర్తి చేస్తాడు. బాధ పడ్డాడని పని ఆపలేదు, పని చేస్తున్నానని బాధ దాచలేదు. అయిదో అంకంలోని ఆ కాస్త చోటు చదివితే, మన మంత్రులు వెకిలి నవ్వు నవ్వుతూ చెప్పే పేజీలకొద్దీ స్వగతాలు కొట్టేయాలనిపిస్తుంది.

శంఖపురం: నేను ఎలా కట్టానంటే

సూత్రాలు చెబితే ఒంటబట్టవు. నేను రాసిన ఒక నాటిక ముక్కలు విప్పి చూపిస్తాను.

శంఖపురం రేవు పట్నం. కొండ కొమ్ము ఒకటి సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది, దాని మీద దీపస్తంభం. యారాడ కొండని బీచ్ రోడ్డు నుంచి రోజూ చూసేవాళ్లకి వర్ణన అక్కర్లేదు. దీపస్తంభంలో ఒక శంఖం ఉంది. రాజసభలో ఎవరు అబద్ధం ఆడినా అది తనంత తానే మోగుతుంది. నాటకంలో మాయ మొత్తం ఇంతే. దీన్ని మొదటి రంగంలోనే ఒక చిల్లర దొంగ మీద మోగించి చూపించాను, ప్రేక్షకులు నవ్వుకున్నారు, గుర్తుపెట్టుకున్నారు.

మంత్రి శ్రీకరుడు. అతని స్నేహితుడు మల్లన్న, ఓడ నడిపే సరంగు. పేరు సామెతలోంచే తీశాను. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఇద్దరిదీ ఒకే పల్లె. మల్లన్న పడవ మీద సంపాదించి శ్రీకరుణ్ణి చదివించాడు.

ఇప్పుడు చిక్కు. చనిపోయిన ముసలిరాజు కాలంలో సముద్ర నాగులతో ఒక ఒప్పందం జరిగింది. ఏటా ఒక అమావాస్య రాత్రి ఒక ఓడని వాళ్లు తీసుకుంటారు, మిగతా ఓడలన్నిటికీ దారి ఇస్తారు. పట్నం బతికింది ఆ ఒప్పందం వల్లనే. రాసింది శ్రీకరుడు. కుర్రరాజుకి తెలియదు. తెలిస్తే నాగుల మీదికి యుద్ధానికి వెళ్తాడు, పట్నం మునుగుతుంది. ఈ ఏడాది అమావాస్య నాటి ఓడకి సరంగుగా మల్లన్న పేరు పడింది. శ్రీకరుడు ఏం చేశాడంటే, ఆ రాత్రి మల్లన్నని ఇంటికి భోజనానికి పిలిచాడు. కబుర్లలో పెట్టి పొద్దుపోయేదాకా ఆపాడు. సరంగు రాకపోయేసరికి సహాయకుడు ఓడ తీసుకెళ్లాడు. ఓడ పోయింది. మల్లన్న బతికాడు.

ద్రోహానికి బీజం ఇక్కడ పడింది, ప్రేమతో చేసిన పనిలో. తెల్లారి సభలో మల్లన్నని నిలబెట్టారు. శ్రీకరుడు రాజుకి తాంబూలం చుడుతున్నాడు.

"నిన్న రాత్రి మల్లన్న రేవులో ఉన్నాడా?"

"లేడు ప్రభూ."

"రేవు విడిచి వెళ్లడానికి నువ్వు అనుమతి ఇచ్చావా?"

"అనుమతి పత్రం నేను ఇవ్వలేదు."

"సరంగు చోట సహాయకుడు ఓడ నడపడం తప్పా, కాదా?"

"నిబంధన ప్రకారం తప్పే. ఆ నిబంధన మల్లన్నగారికి తెలుసు."

శంఖం మోగలేదు. మూడు జవాబులూ నిజమే. "నా ఇంట్లో ఉన్నాడు" అని ఒక్క మాట అంటే మల్లన్న బయటపడతాడు. కానీ రాజు వెంటనే అడిగేది "నిన్న రాత్రే ఎందుకు పిలిచావు?" అని. దానికి అబద్ధం చెబితే శంఖం మోగుతుంది, నిజం చెబితే ఒప్పందం బయటపడుతుంది. అదీ ఉచ్చు.

మంత్రి వేషం వేసిన కుర్రాడు భీమిలి పక్క ఊరివాడు, రిహార్సల్లో నన్ను అడిగాడు: "ఏటి మాస్టారూ, శంఖం మోగనేదు గదా, మరి నాను తప్పు సేసినట్టా, సేయనట్టా?" తేల్చుకోకుండా ఆడమన్నాను. శ్రీకరుడికే అది తేలలేదు.

మాయతో కారణాన్ని కప్పేయకండి

ఇక్కడే చాలామంది జారిపోతారు. మంత్రిని మాంత్రికుడు వశం చేసుకున్నాడు, అందుకే ద్రోహం చేశాడు అని రాస్తారు. వశమైపోయినవాడు ద్రోహం చేయడు, చేతిలో కర్రలాంటివాడు. అప్పుడు నాటకం మాంత్రికుడిదైపోతుంది, మంత్రి వేషం ఎవరు వేసినా ఒకటే. మాయ అనేది మంత్రికి దారులు మూసేయాలి, తప్పుకునే దారి ఇవ్వకూడదు. నా నాటికలో శంఖం లేకపోతే శ్రీకరుడు హాయిగా ఏదో ఒక అబద్ధం ఆడి స్నేహితుణ్ణి కాపాడుకునేవాడు. మీ మాయని తీసేసి రంగం మళ్లీ చదవండి. ద్రోహం అలాగే నిలబడితే ఆ మాయ దండగ. మాయ వల్ల మంత్రికి ఇష్టం లేకపోయినా జరిగిందంటే అదీ తప్పే. రెంటికీ మధ్య ఉండాలి.

స్నేహితుడి వాటా

రెండో జారుడు ఇది. స్నేహితుణ్ణి ఆవుదూడలా అమాయకుణ్ణి చేసేస్తారు. జాలి పుడుతుంది గానీ నాటకం పుట్టదు. స్నేహితుడు కూడా ఏదో ఒకటి చేయాలి. చనువు హద్దు దాటడం, పాత సాయం పదిమందిలో గుర్తుచేయడం, మంత్రి చెప్పొద్దన్న విషయం కెలకడం. చేసిన మేలు నోరు తెరిచి అడక్కపోయినా, ఎదురుగా నిలబడడమే అడిగినట్టుంటుంది కొందరికి. ద్రోణుడు పాత స్నేహం గుర్తుచేస్తే ద్రుపదుడు రాజుకీ పేదవాడికీ స్నేహమేమిటన్నాడు కదా. ఆ మాటలో పొగరు ఎంత ఉందో, ఇబ్బందీ అంతే ఉంది.

మల్లన్న సభలో నోరు తెరిచి "నేను మంత్రిగారింట్లో ఉన్నాను" అనవచ్చు. ఎందుకు అనలేదు? మొదటి రెండు జవాబులకీ "వాడే చెబుతాడులే" అనుకున్నాడు. మూడో జవాబుకి విషయం అర్థమైంది, అప్పుడు పౌరుషం వచ్చింది. నువ్వు చెప్పవా, సరే, నేనూ చెప్పను. ఇది నేను కల్పించిన గొప్ప మనస్తత్వం ఏమీ కాదు, అన్నదమ్ముల ఆస్తి పంపకాల్లో ఎవరైనా చూసే ఉంటారు.

ఇంకో మాట, ద్రోహానికి ముందు మంత్రి చేత స్నేహితుణ్ణి ఒకసారి హెచ్చరింపజేయండి. సూటిగా కాదు, సగం సగంగా. శ్రీకరుడు భోజనాల దగ్గర "కొన్నాళ్లు సముద్రం మానేసి కొట్టు పెట్టుకోకూడదట్రా" అంటాడు. మల్లన్న నవ్వేస్తాడు. ఆ నవ్వు తరువాత ప్రేక్షకుడికి గుర్తొస్తుంది.

పిలుపులో ద్రోహం

తెలుగులో రాసేవాళ్లకి ఉన్న గొప్ప సదుపాయం ఇది, ఎవరూ వాడుకోరు. జానపద నాటకం అనగానే అందరి చేతా "మిత్రమా" అనిపిస్తారు. ఎవరైనా బతికున్న మనిషి స్నేహితుణ్ణి "మిత్రమా" అని పిలవడం విన్నారా? ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు "ఒరే శ్రీకరా", "ఏరా మల్లా" అని పిలుచుకోనివ్వండి. సభలో నలుగురి ముందు మల్లన్న "మంత్రిగారు" అంటాడు, శ్రీకరుడు "మల్లన్న" అంటాడు. అక్కడిదాకా ఇద్దరికీ అలవాటైన నాటకమే, కళ్లతో నవ్వుకుంటారు కూడా.

ఇప్పుడు పై మూడు జవాబులూ మళ్లీ చూడండి. మొదటి దాంట్లో "లేడు". ఏకవచనంలో ఇంకా పాత చనువు ఉంది. మూడో దానికి "మల్లన్నగారికి" అయిపోయాడు. గౌరవం పెరిగింది, మనిషి దూరమయ్యాడు. ఆ "గారు" దగ్గర కళాభారతి లాంటి హాల్లో వెనక వరసలోనూ కదలిక వస్తుంది, నటుడు దాన్ని నొక్కి పలక్కపోతేనే వస్తుంది. నొక్కి పలికితే పోతుంది. రచయితగా మీరు చేయాల్సిందల్లా, మొదటి రంగం నుంచీ ఎవరు ఎవర్ని ఎక్కడ ఏమని పిలుస్తారో ఒక కాగితం మీద రాసుకుని, దాన్ని తప్పకుండా పాటించడం. మధ్యలో ఒక్కసారి అజాగ్రత్తగా "గారు" పడిందంటే చివర పడేదానికి విలువ లేదు.

చేతికి ఒక పని

ద్రోహం చేసే మంత్రి చేతులు ఖాళీగా ఉండకూడదు. ఖాళీ చేతులు నటుణ్ణి మీసం దువ్వేలా చేస్తాయి. నేను తాంబూలం ఇచ్చాను. తమలపాకు తుడవడం, తొడిమ తుంచడం, ఈనె తీయడం, వేలి కొసతో సున్నం రాయడం, వక్క పెట్టి మడవడం. ముందు రాత్రి మల్లన్నకి ఇదే పని ప్రేమగా, మాటల్లో పడి సున్నం రాయడం కూడా మరిచిపోతూ చేస్తాడు. "సున్నం ఏదిరా, మంత్రివై ఏం లాభం" అంటాడు మల్లన్న. సభలో రాజుకి చుట్టేటప్పుడు ఏదీ మరిచిపోడు. ప్రశ్న వచ్చినా చెయ్యి ఆగదు. ఆగితే తప్పు చేస్తున్నాడని నటుడు మనకి చెప్పినట్టు అవుతుంది. రిహార్సల్లో నిజం ఆకులు, నిజం సున్నం వాడండి. కాగితం ఆకులతో ప్రాక్టీసు చేస్తే ప్రదర్శన రోజు తడబడతారు. పూర్ణా మార్కెట్లో ఒక కట్ట కొంటే రెండు రోజులు సరిపోతుంది, తడిగుడ్డ చుట్టి పెట్టుకోండి.

ఎదురు కథలూ దగ్గర పెట్టుకోండి

స్నేహితుణ్ణి ముంచని మంత్రిని కూడా చదవాలి, లేకపోతే ముంచడం తేలికైపోతుంది. సింహాచలం గుడిలో కృష్ణదేవరాయల శాసనాలు ఉన్నాయని మనందరికీ తెలుసు. ఆయన మంత్రి తిమ్మరుసు గురించి పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఒక కథ రాశాడు. చావుబతుకుల్లో ఉన్న రాజు, తన కొడుక్కి అడ్డు లేకుండా తమ్ముడు కృష్ణరాయల కళ్లు పీకించమని తిమ్మరుసుకి చెప్పాడట. తిమ్మరుసు మేక కళ్లు తెచ్చి చూపించాడట. అంటే ఒకరిని కాపాడటానికి ఏలినవాణ్ణి మోసం చేశాడు. అదే నూనిజ్, తరువాత యువరాజు మరణం విషయంలో అనుమానం వచ్చి రాయలే తిమ్మరుసు కళ్లు తీయించాడని కూడా రాశాడు. జరిగిందా లేదా అన్నది చరిత్రకారుల తగువు. రచయితకి కావలసింది వేరే ఉంది. మాట చెల్లినన్నాళ్లూ మేక కళ్లు కూడా మనిషి కళ్లుగా చెల్లాయి. చెల్లని రోజు నిజం చెప్పినా వినలేదు.

దగ్గర్లో ఇంకోటి, పద్మనాభం. 1794 జూలై 10న అక్కడి యుద్ధంలో విజయనగరం రాజు చిన్న విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. అంతకు ముందు ఏళ్ల తరబడి దివాన్‌గిరీ నడిపింది అన్న వరసైన సీతారామరాజు. అన్న దివాను, తమ్ముడు రాజు. ఇంట్లో పెద్దవాడు, సభలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. స్నేహితుడి బదులు అన్నదమ్ములతో రాయాలనుకునేవాళ్లు అక్కడి నుంచి మొదలెట్టవచ్చు.

తరువాత ఏం జరగాలి

గంట నాటికైతే ద్రోహం ముప్పై, ముప్పై అయిదు నిమిషాల దగ్గర పెట్టండి. ఆఖర్లో పెడితే అది ట్విస్టు అవుతుంది, మధ్యలో పెడితే మిగతా నాటకమంతా దాని మీదే నడుస్తుంది. ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుందని టెన్షన్ పడొద్దు. శ్రీకరుడి ఇంట్లో భోజనం వాళ్లు చూశారు కాబట్టే సభలో కుర్చీ అంచుకి వస్తారు.

ద్రోహం అయ్యాక మంత్రిని ఏడిపించకండి, తాగించకండి. పనిలో పెట్టండి. పొద్దున్నే లేచి అదే వాకిట్లో అదే అర్జీలు చూస్తాడు. మల్లన్న పెళ్లాం వరసలో నిలబడి ఉంటుంది. ఆమెతో ఏం మాట్లాడతాడు, ఆమె అర్జీ రాజు దాకా తీసుకెళ్తాడా, కట్టలో అడుగున పెడతాడా? ఆ రంగం రాయగలిగితే మీ నాటకం గట్టెక్కినట్టే. నేనైతే అతని చేత ఆమె అర్జీని తన చేత్తో, ఆమె రాయించినదానికన్నా బాగా తిరగరాయించాను. ఎక్కడా తన ఇంటి ప్రస్తావన రాకుండా.

వేషం ఎవరికి ఇవ్వాలన్నది ఆఖరి సంగతి. విలన్ గొంతు ఉన్నవాణ్ణి తీసుకోవద్దు. మీ సమాజంలో ఎప్పుడూ హీరో తండ్రి వేషాలు, మాస్టారి వేషాలు వేసే పెద్దాయన ఒకరు ఉంటారు, చూడగానే నమ్మబుద్ధేసేవారు. ఆయన్ని అడగండి. మొదట "ఈ వయసులో విలనీ ఏమిటయ్యా" అని గునుస్తారు. స్క్రిప్టు ఇచ్చి భోజనం రంగం ముందు చదవమనండి, సభ రంగం మర్నాడు ఇవ్వండి. ఒప్పుకుంటారు. రానూపోనూ ఆటో ఛార్జీలు మాత్రం ముందే మాట్లాడుకోండి, గాజువాక నుంచి రాత్రి రిహార్సల్‌కి రావడమంటే మాటలు కాదు.